ఎండిన బావి పిలిచిన పేరు

నా చిన్నప్పుడు నన్ను బడి నుంచి వెళ్లగొట్టారు. అల్లరి చేసినందుకు కాదు, ఎగ్గొట్టినందుకూ కాదు. వచ్చినందుకు. ఈ ఏడాది, డెబ్బై దాటిన తర్వాత, మళ్లీ ఒక తరగతి నుంచి వెళ్లగొట్టారు. అప్పుడు గుమ్మం బయట నిలబెట్టారు, ఇప్పుడు మెట్ల మీద కూర్చోబెట్టారు. వయసు పెరిగితే మనిషికి దక్కే మర్యాద ఇంతే కాబోలు.

రెండోది ముందు చెప్పేస్తాను, అది చిన్నది. మా మనవరాలు డోన్‌లో కొరియా భాష నేర్చుకుంటోంది. ఆ భాష వచ్చినవాళ్లకు కొరియా కంపెనీల్లో మంచి ఉద్యోగాలున్నాయట. మందుల షాపు పైన ఒక గది, గదినిండా పిల్లలు, పాఠం చెప్పే ఒక చిన్న వయసు మేడమ్. సాయంత్రం పూట మోపెడ్ మీద మనవరాలిని దింపేదీ, మళ్లీ తీసుకొచ్చేదీ నేనే. ఎలాగూ అక్కడే ఉంటాను కదా అని ఒకరోజు పైకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మేడమ్ నవ్వుతూనే, "తాతా, ఇది ఉద్యోగాలకు పోయే పిల్లల క్లాసు. ఈ వయసులో మీకెందుకు చెప్పండి? మెట్ల కాడ గాలాడతాది, ఆడ కూర్చోండి" అంది. మెట్ల దగ్గర గాలాడుతుందన్న మాట నిజమే. అయినా ఆ సాయంత్రం నాకు ఊపిరాడలేదు. ఐదో తరగతితో బడి ఆగిపోయినవాణ్ణి నేను. ఆ పైన చదివిందంతా అంగట్లో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాల దగ్గర్నుంచి నాకు నేను చదువుకున్నదే. అలాంటివాణ్ణి పట్టుకుని మీకెందుకు అనవచ్చునా?

మెట్ల మీదికి వినిపించినంత నేర్చుకున్నాను. వినిపించనిది దారిలో మనవరాలు చెప్పేది. అలా ఒకరోజు వెనక కూర్చుని, "తాతా, ఈ పొద్దు మాట చాషిన్. చాషిన్ అంటే తాను. 'నా చాషిన్' అంటే నేనే, సాక్షాత్తూ నేను. వాళ్లకు గూడా 'నా' అంటే నేనే తాతా" అంది. ఇంకా ఏముందన్నాను. తనమీద తనకుండే నమ్మకాన్ని కూడా చాషిన్ అనే అంటారట. 'చాషిన్ ఇస్సొ' అంటే నామీద నాకు నమ్మకముంది, నావల్ల అవుతుంది అని. పాతకాలం చైనా అక్షరాల్లో రాసేటప్పుడు ఇవి రెండూ వేరువేరు మాటలట. ఇప్పటి వాళ్ల రాతలో మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయట.

మలుపు తిరిగాం. తర్వాత నెమ్మదిగా, "అందరి ముందర లేసి నా పేరు చెప్పమన్నారు తాతా. గొంతు రాలే" అంది.

నేను బండి పక్కకు ఆపాను. ఆ పిల్లకు అప్పుడు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మా సొంతూరు ఆలూరు దిక్కున. తాతను మా పక్క అబ్బ అంటారు, నాయనమ్మను జేజి అంటారు. మా అబ్బ నేను పుట్టకముందే పోయాడు. ఆయన పేరే నాకు పెట్టారు. పెట్టారు గానీ ఆ పేరుతో నన్ను పిలవడానికి ఇంట్లో ఎవరికీ నోరు లేదు. మామ పేరు కోడలు పలకకూడదు కాబట్టి అమ్మ పలకదు. మొగుడి పేరు పెళ్లాం పలకకూడదు కాబట్టి జేజి పలకదు. ఇక మా నాయన, కన్నతండ్రి పేరు పెట్టి ఒరేయ్ అని ఎట్లా అంటాడు? అందుకని నన్ను చిన్నబ్బ అన్నారు. ఇంట్లో చిన్నబ్బ, వీధిలో చిన్నబ్బ, కోపం వస్తే "ఓరి చిన్నబ్బగా". నాకు వేరే పేరొకటి ఉందని నాకే తెలియదు.

బడీడు రాగానే నాయన నన్ను తీసుకెళ్లి పేరు రాయించాడు. రాయించి, ఎడ్లబండి కట్టుకుని శ్రీశైలం డ్యాము పనికి వెళ్లిపోయాడు. పేరు రాసుకున్న అయ్యవారికి బదిలీ అయ్యి కొత్త సారు వచ్చాడు. ఆయన రోజూ పొద్దున్నే హాజరు పిలిచేవాడు. పిల్లలు ఒక్కొక్కరే లేచి పలికేవారు. ఒక్క పేరుకు మాత్రం ఎవరూ పలికేవారు కాదు. సారు రెండుసార్లు పిలిచి, "రాలేదు" అని గొణుక్కునేవాడు. ఆ పేరుగలవాడెవడో బడికి రాకుండా చేలగట్ల వెంట తిరుగుతున్నాడని, నాకు వాడిమీద కొంచెం అసూయ కూడా ఉండేది. నన్ను పిలవకపోవడం గురించి నేనేమీ అనుకోలేదు. పెద్దపిల్లల్ని మాత్రమే పిలుస్తారేమో అనుకున్నాను.

ఒకరోజు సారు తలలు లెక్కపెట్టుకున్నాడు. పలికినవాళ్లకంటే ఒక తల ఎక్కువ వచ్చింది. ఆ ఎక్కువ తల నాది. పేరేమిటన్నాడు. చిన్నబ్బ అన్నాను. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరన్నాడు. ఎవరి పిల్లోడివిరా అంటే, "మా నాయన పిల్లోన్ని సార్" అన్నాను. బడంతా ఘొల్లుమంది. నేను ఎకసెక్కాలాడుతున్నానని సారు అనుకున్నాడు. "పేరు రాయించుకోనోనికి ఈడ బడి లేదు, పో. బడికి రానోని పేరు గూడా రేపు కొట్టేస్తా. పీడా పోతుంది" అన్నాడు. ఆ రోజు నేను పలక చంకలో పెట్టుకుని గుమ్మం దాటాను. తరిమింది నన్ను, రేపు కొట్టేయబోయేది కూడా నా పేరే. రెండోది నాకు తెలియదు.

ఇంటికొచ్చి ఏడుస్తూ నా పేరేందని అడిగాను. అమ్మ జేజి వైపు చూసింది. జేజి చేటలో శనక్కాయలు ఒలుస్తోంది.

"మీ అబ్బ పేరే నాయనా నీ పేరు" అంది అమ్మ.

"అబ్బ పేరేంది?"

"అబ్బ పేరు... అబ్బే."

"నిన్ను నమ్ముకుంటే అయినట్టేలే వీని చదువు" అంటూ జేజి చేట పక్కన పెట్టింది. పక్కింటి మామను పిలుస్తానంది అమ్మ. మగమనిషి, పరాయివాడు, ఆయనకు అడ్డేముంది, బడికొచ్చి చెప్తాడంది. అది అందరికీ తేలికైన దారి. జేజి ఒప్పుకోలేదు. "వాని పేరు వానికి ఇంటి మనిషి చెప్పల్ల. ఊరోళ్ల నోట ఇనాల్నా నా మనవడు?" అంది.

తెల్లారి బడివేళకు ముందే జేజి నన్ను చేనికి తీసుకెళ్లింది. మా చేనిలో ఒక బావి ఉండేది. అబ్బ చేతులారా తవ్విన బావి. ఎంత తవ్వినా రాయి తప్ప నీళ్లు పడలేదు. మేకలు పడకుండా చుట్టూ కంపకొట్టి వదిలేశారు. జేజి కంప పక్కకు లాగింది. దగ్గర్లో ఎవరూ లేరని ఒకసారి నాలుగు దిక్కులా చూసుకుంది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. నా రెక్క గట్టిగా పట్టుకుని బావిలోకి వంగి ఒక పేరు పలికింది.

మొదటిసారి పెదాలే కదిలాయి. బావికి కూడా వినపడలేదు. రెండోసారి, దూరపు చేనిలో ఉన్న మనిషిని సద్దికి పిలిచినట్టు గొంతెత్తి పిలిచింది. అడుగు నుంచి ఆ పేరు తిరిగి వచ్చింది. జేజి గొంతులా లేదు, ఎవరో మగమనిషి గొంతులా బరువుగా ఉంది. జేజి అలాగే వంగి ఉండిపోయింది. ఆమె చేతి గాజులు నా రెక్కకు ఒత్తుకోవడం నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

"ఇన్యావా? నేను చెప్పలేదురా. బావి పిలుస్తాండాది. పలుకు" అంది.

"ఎవర్ని పిలుస్తాండాది జేజీ?"

"నిన్నేరా పిచ్చోడా. అది నీ పేరు."

రోజూ బడిలో వింటున్న పేరే అది. నేను నోరు తెరిచి, "ఆ బడికి రాని పిల్లోడు నేనేనా?" అన్నాను. జేజి నవ్విన నవ్వుకు కంపలోంచి కౌజు పిట్టలు లేచిపోయాయి. తర్వాత నన్నే పిలవమంది. నా పేరు నేనే పిలుచుకున్నాను. బావి పిలిచింది. నేను ఓ అన్నాను. సిగ్గు పోయేదాకా పిలిపించింది.

బడి గుమ్మం దగ్గర నన్ను వదిలి, ఆమె గోడ పక్కన నిలబడింది. లోపలికి రాలేదు. సారు నన్ను చూసి, మళ్లీ యాడికొచ్చినావన్నాడు. నేను నా పేరు చెప్పాను. బావిలోకి చెప్పినంత గట్టిగా చెప్పాను.

"ఇన్నాళ్లూ నేను పిలుస్తానే ఉంటిని కదరా. నోట్లో ఏం పెట్టుకుంటివి?"

"అది నేనని తెల్దు సార్. మా ఇంట్లో ఆ పేరు ఎవురూ పలకరు. మా అబ్బది."

సారు బయటికి తొంగిచూశాడు. గోడ పక్కన కొంగు కప్పుకున్న ముసలామె కనబడింది. ఆయనా ఈ సీమలో పుట్టినవాడే. ఆయన తల్లీ ఆయన తండ్రి పేరు ఏనాడూ పలికి ఉండదు. సారు తిరిగి వచ్చి కూర్చుని, మొదటి పేరు నుంచి హాజరు మళ్లీ పిలిచాడు. నా పేరు దగ్గర ఆగి, తలెత్తి నా వైపు చూసి పిలిచాడు. నేను పలికాను.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ జేజి అంది, "మీ అబ్బ బతికినన్నాళ్లూ అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదురా. శానా మెత్తని మనిషి." కొంత దూరం నడిచాక, తనలో తానే అన్నట్టు, "బావి బాగ పలికింది" అంది. ఆ తర్వాత ఆమె ఆ పేరు పలకగా నేను వినలేదు. పోయేదాకా నన్ను చిన్నబ్బా అనే పిలిచింది.

జీవితంలో నన్ను చాలామంది చాలాచోట్ల బయట నిలబెట్టారు. ఆఫీసుల్లో, పెళ్లి పందిళ్లలో, చదువుకున్నవాళ్ల మధ్య. అలాంటప్పుడల్లా లోపల ఆ బావిలోకి వంగి నా పేరు నేను పిలుచుకున్నాను. పలికేదాకా పిలుచుకున్నాను. అది పొగరని కొందరన్నారు. అననీ. మొగుడి పేరు ఏనాడూ పలకని మనిషి నాకోసం ఆ పేరును నోట పలికింది. అది అప్పనంగా వచ్చింది కాదు, అంత తేలిగ్గా వదులుకోవడానికి. తాను, తనమీద నమ్మకం, ఈ రెండింటికీ ఒకే మాట సరిపోతుందని కొరియావాళ్లు ఎప్పుడు తెలుసుకున్నారో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ ఎండిన బావి దగ్గర తెలిసింది.

కథ విన్న మనవరాలు నోటిమీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. మర్నాడు క్లాసులో లేచి తన పేరు చెప్పింది. మెట్ల మీది దాకా వినిపించింది.

నా సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. మనవరాలి ఫోనులోంచి మేడమ్‌కు నా గొంతుతో మెసేజి పంపాను, ముసలివాడు ఒక మాట నేర్చుకుంటే ఎవరి సొమ్ము పోయిందని. జవాబు లేదు. ఇంకోటి పంపాను. లేదు. చివరికి కోపం పక్కన పెట్టి, ఈ జేజి కథంతా చెప్పి పంపాను. నిన్న సాయంత్రం, మెట్ల మీద కూర్చుని ఉండగా, మనవరాలు కిందికి దిగొచ్చి ఫోను నా చెవి దగ్గర పెట్టింది. మేడమ్ గొంతు:

"తాతా, మీకెందుకు అని నేను అడగకూడదు. తప్పే. హాజరులో రాసుకుందామని మీ పేరేందని మీ మనవరాలిని అడిగితే, 'మా తాత పేరు మా తాతే చెప్పల్ల మేడమ్' అనింది. పైకి రాండి. వచ్చి మీరే చెప్పండి, నేను పిలుస్తా."