రాకాసులు లేరని చెప్పినందుకు

1971 నవంబరులో నన్ను గుంటూరు నుంచి హైదరాబాదుకు సర్వే అసిస్టెంటుగా బదిలీ చేశారు. పురాతన స్థలాలను చూసుకునే శాఖ మాది. బాలానగర్ నుంచి నార్సింగి వైపు పోయే రాళ్ళ దారిలో, ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట, అప్పుడొక చిన్న ఊరుండేది. ఆ ఊరి బయట పశువులు మేసే సర్కారు భూమిలో ఉన్న రాకాసి గుళ్ళను కొలిచి పటం గీయడం నాకిచ్చిన మొదటి పని.

రాకాసి గుళ్ళంటే గుళ్ళు కావు, సమాధులు. ఇనుము వాడకం కొత్తగా వచ్చిన కాలంలో చనిపోయినవాళ్ళను రాతి పలకల పెట్టెలో ఉంచి, పైన బండ కప్పి, చుట్టూ గుండ్రంగా పెద్ద రాళ్ళు నిలిపేవారు. అంతంత బండలు మనుషులు మోయలేరనుకుని జనం వాటిని రాకాసులకు అంటగట్టారు. నేను ఒక్కో వలయంలో ఒక రాయి మీద తెల్ల ఎనామిల్ పెయింటుతో అంకె వేసి, పటంలోనూ అదే అంకె వేసేవాణ్ణి.

తోడుకు ఊరి మస్కూరి కిష్టయ్యను ఇచ్చారు. మస్కూరి అంటే సర్కారు పని మీద వచ్చినవాళ్ళ వెంట తిరిగే ఊరి నౌకరు. అతను చెప్పులు విప్పి వలయం బయటే నిలబడేవాడు. "లోపటికి పోకుండ్రి సార్. ఆ రాయి ముట్టుకున్నోని ఇల్లు మునుగుతది," అనేవాడు. నాకు నవ్వొచ్చేది. కానీ ఒక్క సంగతి గమనించాను. బాలానగర్‌లో ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. కంకర కోసం చుట్టుపక్కల గుట్టలన్నీ పగులుతుంటే, ఈ రాళ్ళ జోలికి మాత్రం ఒక్క సుత్తీ రాలేదు.

ఇక ప్రొఫెసరు గారు. పేరు చెప్పను, ఆ పేరు వినగానే చేతులు జోడించేవాళ్ళు ఇంకా ఉన్నారు. మమ్మల్ని ఉద్యోగాల్లోకి ఎంచిన బోర్డులో ఆయనే, చరిత్ర పాఠ్యపుస్తకాల కమిటీకి పెద్ద ఆయనే. వీధికి పేరు పెట్టాలన్నా ఆయన్నే అడిగేవారు. రాజుల పెళ్ళిళ్ళూ యుద్ధాలే చరిత్ర అనుకునే రోజుల్లో, మామూలు మనుషుల కుండకూ సమాధికీ చరిత్రలో చోటుందని మాకు నేర్పిన మనిషి. ఆ గొప్పతనం నేను కాదనను.

ఒక చోటును రక్షిత స్థలం చేయాలంటే ముందు సలహా సంఘం సభ్యుడు అభిప్రాయం రాయాలి. తర్వాత తొలి నోటిఫికేషన్, అభ్యంతరాలకు రెండు నెలల గడువు, ఆపైన తుది నోటిఫికేషన్. మా పటాలకు అభిప్రాయం రాయాల్సింది ప్రొఫెసరు గారే. ఎన్నిసార్లు వెళ్ళినా "రాస్తానయ్యా, తొందరేముంది," అనేవారు. సభలకు మాత్రం ఆయనకు తీరిక దొరికేది.

ఆ ఊరి బడిలోనూ సభ పెట్టారు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఈ రాకాసుల నమ్మకాన్ని కదపవద్దని బతిమాలాను. "భయం కాపాడే చరిత్ర మనకెందుకండీ? తెలిసిన జనం తామే కాపాడుకుంటారు," అన్నారు. ఊరందర్నీ వెంటేసుకుని వలయం దగ్గరికి నడిచి, చెప్పులతోనే లోపలికెళ్ళి, నడిమి బండ మీద కూర్చుని అరటిపండు ఒలుచుకు తిన్నారు. రాకాసులు లేరని, ఇవి మీ తాతముత్తాతల సమాధులని, గర్వపడమని చెప్పారు. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. ఈయన వారం తిరక్కుండా పోతాడని పందేలు కాశారట. మరుసటి వారం ఆయన నిక్షేపంగా మళ్ళీ వచ్చారు. అంతే, తరాల భయం ఒక్క అరటిపండుతో పోయింది. పత్రికల్లో ఫొటో కూడా వేశారు.

తర్వాత నన్ను వేరే జిల్లా క్యాంపులకు పంపారు. ప్రొఫెసరు గారు ఏడాది దాటాక అభిప్రాయం రాశారట. 1973 చివర తుది నోటిఫికేషన్ వచ్చింది. రక్షిత స్థలమనీ, పాడుచేస్తే శిక్ష తప్పదనీ రాసిన నీలం బోర్డు పాతి రమ్మని నన్నే పంపారు.

పోయి చూస్తే ఏముంది, నా మొహం! గుంటలూ, రాతి పొట్టూ. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, బోర్డు పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కిష్టయ్య మీద అరిచాను. అతను తొణకలేదు.

"రాకాసులు లేవని మీ పెద్దసారే చెప్పె కద సార్. ఇన్నేండ్లు ఉత్తగనే పరేషాన్ అయితిమి. సగం రాళ్ళు కంకరకు పోయినయ్. మిగిలినయి బడికి పెట్టుకున్నం. మా తాతలవే అంటిరి. మా తాతల రాళ్ళు మా పిల్లల బడికి పెట్టుకుంటే తప్పేంది?"

కొత్త బడి దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. మెట్టు మీద నా చేత్తో వేసిన తెల్ల అంకె ఉంది, పదకొండు. లోపల పంతులు గారు కొత్త చరిత్ర పుస్తకం చదివిస్తున్నారు. అది ప్రొఫెసరు గారు రాసిన పాఠం. "ఈ రాతి సమాధులను హైదరాబాదు శివార్లలో నేటికీ చూడవచ్చు," అని పిల్లలు గొంతెత్తి వల్లిస్తున్నారు.

స్థలం లేదని రిపోర్టు రాసి, బోర్డు వెనక్కి తెచ్చేశాను. ప్రొఫెసరు గారికి విషయం చెప్పాను. "పాఠం అచ్చయిపోయిందయ్యా, వచ్చే ముద్రణలో చూద్దాం," అన్నారు. ఆయన పోయాక కూడా ఆ వాక్యం అలాగే అచ్చవుతూ వచ్చింది. ఆయన రాసినదాన్ని దిద్దే ధైర్యం ఎవరికుంది? రాకాసుల మీద పోయిన భయం ఆయన మీద మిగిలింది.

ముందు నోటిఫికేషన్, తర్వాతే ఉపన్యాసం. ఆ ఊళ్ళో నేను నేర్చుకున్నది ఇదే. ఆ తర్వాత నా సర్వీసులో ఎక్కడ రాకాసి గుళ్ళు కనబడినా, తుది ఉత్తర్వు చేతికొచ్చేదాకా చెప్పులు విప్పి వలయం బయటే నిలబడ్డాను. లోపల ఏముంటుందని ఊరివాళ్ళు అడిగితే, రాకాసులే ఉంటారని చెప్పాను.