గోడ పొడిచిన పెట్ట

కోడికి ఏం మేపితే గుడ్డులో అదే ఉంటుందని ఇప్పుడు అట్టపెట్టెల మీద అచ్చేసి మరీ అమ్ముతున్నారు. అవిసెలు మేపిన కోడి గుడ్డట, ఆకుకూరలు మేపిన కోడి గుడ్డట. మా పెద్దకోడలు ఆ పెట్టె తెచ్చి, ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు చదివి వినిపించింది. నాకు ఒళ్ళు మండింది. పిండి కొద్దీ రొట్టె అని మా అమ్మ ఏనాడో చెప్పింది. ఆ ఒక్క మాట మా అత్తకు ఎక్కించలేక గోదావరిఖనిలో నేను పడిన కడుపుమంట ఇంకా చల్లారలేదు.

ఎనభైలలో పెళ్లయి బొగ్గుబాయి క్వార్టర్‌కు కాపురానికి వచ్చాను. ఇంట్లో అత్త, మా ఆయన, నేను. మా అమ్మ నాతో నాలుగు పెట్టలను పంపింది. మా ఊళ్లో అవి పెంటకుప్ప గెలికి పురుగులు తినేవి, గట్ల మీద గడ్డి కొరికేవి, కల్లంలో రాలిన జొన్నలు ఏరుకునేవి. అమ్మ గుడ్డు పెంకులు కూడా పారేసేది కాదు. వేయించి, దంచి, తవుడులో కలిపి పెట్టేది. పచ్చివి వేస్తే రుచి మరిగి తమ గుడ్లే పొడుచుకు తింటాయని ఆమె జాగ్రత్త. ఆ గుడ్డు కొడితే సొన గుమ్మడిపండు రంగులో గుండ్రంగా నిలబడేది.

క్వార్టర్‌లో పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. పెట్టలు వాళ్ల వాకిట్లో రెట్ట వేశాయని తగువైంది. అంతే, అత్త పెరట్లో జాలీ కట్టి వాటిని మూసేసింది. కింద బొగ్గుపొడి కలిసిన నల్లమన్ను, పైన రేకు. మేతంటే రెండు పూటలా గుప్పెడు నూకలు. ఆకు లేదు, పురుగు లేదు. పెంకులు దంచుతానంటే చెత్త అని ఊడ్చి పారేసేది. నెలలు తిరిగేసరికి సొన పాలిపోయింది, గిన్నెలో నీళ్లలా పరుచుకుంది. పెంకు వేలు తగిలితే చిట్లేది.

ఆ గుడ్లయినా నాకు దక్కేవి కావు. అన్నీ మా ఆయనకే. బాయిలో దిగేవాడికి బలం కావాలి, నిజమే, నేను కాదనలేదు. కానీ అప్పటికి నాకు ఒక కడుపు మూడో నెలలో పోయి, మళ్ళీ నెల తప్పింది. పిక్కలు పట్టేసి నడవలేకపోయేదాన్ని. నాకూ ఒక గుడ్డు కావాలంటే వేడి చేస్తుందనేది అత్త. కొడుక్కి బలమిచ్చే గుడ్డు కోడలికి వేడెట్లా చేస్తుందో ఆమెకే తెలియాలి. ఆమె మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు పెరటి గోడకు వేసిన సున్నం గోటితో గీరి నోట్లో వేసుకునేదాన్ని.

ఆ నాలుగింటిలో నల్లపెట్ట కూడా ఆ గోడనే పొడిచేది. జాలీ లోపల ఉన్నంత మేర సున్నమంతా పొడిచి ఇటుక బయటపెట్టింది. గోడ పాడవుతోందని అత్త చీపురు తిరగేసి కొట్టేది. నాకేం తక్కువైందో దానికీ అదే తక్కువైంది. ఈ సంగతి ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ పట్టలేదు.

ఒక పొద్దున అది తోలుగుడ్డు పెట్టింది. పెంకే లేదు, చేత్తో తీస్తే పలుచటి పొరలో సొన కదులుతోంది. అత్త అరిష్టమంది, ఆదివారం కోయాల్సిందేనంది. తప్పు కోడిది కాదు, మేతది అని చెప్పాను. పెంకుల పొడి, కాస్త తోటకూర పడితే మళ్ళీ గట్టి గుడ్డు పెడుతుందని బతిమాలాను. ఆమె నా కడుపు వైపు చూసింది.

"గుడ్డు నిలుపుకోనిది ఇంట్ల ఉండొద్దు, పిల్లా."

ఆ మాట ఎవరికి తగలాలని అన్నదో నాకు తెలుసు, పక్కనే పళ్ళు తోముకుంటున్న మా ఆయనకూ తెలుసు. ఆయన నోట్లోంచి వేపపుల్ల తీయలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నూకలు తప్ప ఇంకోటి విదల్చని చేతికి తప్పు లేదు, తప్పంతా కోడిదీ కోడలిదీ.

ఆదివారం కోశారు. బొగ్గుపొయ్యి ముందు కూర్చుని నేనే బాగుచేశాను. పొట్ట చీలిస్తే లోపల గుడ్లసరం. ఉసిరికాయంత ఒకటి, దాని వెనక గోళీలంతవి, ఆ వెనక మిరియాలంతవి, ఆవగింజలంతవి, ముందు ముందు పెట్టబోయే గుడ్లన్నీ. నిలుపుకోనిదని కదా దీన్ని కోసింది!

సరాన్ని కూరలో వేశాను. ఉడికాక గరిటెతో ఏరి నా పళ్లెంలో పెట్టుకున్నాను. ఆ ఇంట్లో మొగుడికంటే ముందు కోడలు అన్నం ముందు కూర్చోవడం అదే మొదలు. అత్త వచ్చి పళ్లెం చూసింది.

"బాయిలకు దిగేటోనికి ఏం పెడ్తవ్?"

"నేను సుత ఒక పానాన్ని మోస్తున్న, అత్తా. నూకలేసి గుడ్లు అడుగుడు ఇగ బంద్ చెయ్యి."

ఆమె చూస్తుండగానే ఒక్కొక్కటే నమిలి తిన్నాను. చేయి కడుక్కుని పెరట్లోకి వెళ్లి జాలీ తలుపు తీశాను. మిగిలిన మూడు పెట్టలూ తిన్నగా పక్కింటి వాకిట్లోకే పోయాయి. తగువొస్తే నేనే పడతానన్నాను, పడ్డాను కూడా. ఊడ్చిన పెంకులన్నీ నేనే ఏరి వేయించి దంచాను.

పెద్దవాడు పుట్టేనాటికి ఆ గుడ్ల పెంకు గోటికి లొంగేది కాదు. అందులోంచి రోజూ ఒకటి నేను తిన్నాను, ఎవరినీ అడగకుండా.