ఎఫ్2 నొక్కితే ఏమవ్వాలి?

1999 జూన్‌లో కాకినాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిస్టమ్స్ ఆఫీసర్‌గా చేరాను. నాకు అప్పగించిన మొదటి పని, బ్లడ్ బ్యాంకులో ఏళ్ళ తరబడి నడుస్తున్న పాత డాస్ ప్రోగ్రాం తీసేసి కొత్త విండోస్ ప్రోగ్రాం పెట్టించడం.

పాతది చూడ్డానికి దరిద్రంగా ఉండేది. నల్ల తెర, పచ్చ అక్షరాలు. కానీ ఎఫ్2 నొక్కితే వివరాలు సేవ్ అయ్యేవి, ఎస్కేప్ నొక్కితే వెనక్కి వెళ్ళేది. ఆసుపత్రిలో ఏ కౌంటర్‌లోనైనా అంతే. సీనియర్ టెక్నీషియన్ సత్యవతి గారు కీబోర్డు వంక చూసేవారే కాదు. ఎడమచేతిలో శాంపిల్ ట్యూబు పట్టుకుని కుడిచేత్తో కొట్టుకుపోయేవారు.

కొత్త ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ నుంచి డిజైన్ హెడ్ కిశోర్ వచ్చాడు. ల్యాబ్ బయట బూట్లు విప్పమంటేనే చిన్నబుచ్చుకున్న మనిషి. "ఎఫ్2 అంటే సేవ్ మాత్రమే ఎందుకవ్వాలండీ? యూజర్‌కి స్వేచ్ఛ ఇవ్వాలి" అని మాకు గంటసేపు ఉపన్యాసమిచ్చాడు. ఏ కీ ఏ పని చెయ్యాలో, ఏ గడి ఎక్కడుండాలో, మూలనున్న గడియారం గుండ్రంగా ఉండాలో పలకగా ఉండాలో, అన్నీ మనమే ఎంచుకోవచ్చట. తాను తేల్చుకోలేని ప్రతిదాన్నీ ఒక సెట్టింగు చేసి మా నెత్తిన పెట్టాడన్నమాట. ఇంత ఆలోచించిన మహానుభావుడికి, ఒకే కంప్యూటర్ ముందు మూడు షిఫ్టుల వాళ్ళు కూర్చుంటారన్న సంగతి మాత్రం తట్టలేదు. ఒకరు మార్చిన సెట్టింగు అందరికీ మారిపోయేది. రంగులు చూసి మురిసిపోయి, పరీక్షించకుండా అంగీకార పత్రం మీద సంతకం పెట్టిన పెద్దమనిషిని నేనే.

కొత్త ప్రోగ్రాం పెట్టిన రెండో వారంలో ఉదయం షిఫ్టు టెక్నీషియన్ రమణ ఎఫ్2ని మార్చుకున్నాడు. దాన్ని నొక్కితే అంతకుముందు ఎక్కించిన పేషెంటు వివరాలన్నీ, పేరూ నంబరూ తప్ప, ఈ పేషెంటు గడుల్లోకి దిగి సేవ్ అయిపోతాయి. తేదీ, వార్డు, డాక్టరు పేరు మళ్ళీ మళ్ళీ కొట్టే బాధ తప్పుతుందని అతని ఉద్దేశం. మధ్యాహ్నం రెండింటికి సత్యవతి గారు డ్యూటీలోకి వచ్చారు. తుని నుంచి కాన్పుకి వచ్చిన ఒకామెకి రక్తం పోతోంది. ఆమెది ఓ పాజిటివ్. సత్యవతి గారు అలాగే కొట్టి, అలవాటుగా ఎఫ్2 నొక్కి, పక్క ట్యూబు అందుకున్నారు. అంతకుముందు పేషెంటుది బి పాజిటివ్. ఈమె రికార్డులోనూ బి వచ్చి కూర్చుంది.

ఆ రికార్డు చూసే అటెండరు బి బ్యాగు తీశాడు. బ్యాగు గది దాటే ముందు క్రాస్‌మ్యాచ్ చెయ్యాలి. అంటే పేషెంటు సీరంలో బ్యాగులోని రక్తకణాలు కలిపి చూడటం. కలిపితే కణాలు గుత్తులు కట్టాయి, అంటే ఆ రక్తం ఈమెకి పడదు. సత్యవతి గారు బ్యాగు ఆపేసి, గ్రూపు మళ్ళీ పరీక్షించి, ఓ బ్యాగు పంపారు. తల్లీ బిడ్డా బతికారు.

మర్నాడు మెమో వచ్చింది, సత్యవతి గారి పేరున. తప్పు గ్రూపు నమోదు చేసినందుకు సంజాయిషీ ఇమ్మని. సూపరింటెండెంట్ గారి గదికి కిశోర్ కూడా వచ్చి, కీలు మార్చుకునే వీలుందని మాన్యువల్లో స్పష్టంగా రాశామన్నాడు.

"చేతిలో ట్యూబు పట్టుకుని మాన్యువల్ ఎలా చదవనండి?" అన్నారావిడ.

నేను కిశోర్‌ని ఆ గదిలోని కంప్యూటర్ ముందు కూర్చోమన్నాను. ఒక పేషెంటు వివరాలు ఎంటర్ చేసి చూపించమన్నాను. చకచకా కొట్టాడు. చివర్లో చూడకుండానే, విండోస్‌లో సేవ్ చెయ్యడానికి అందరూ నొక్కే కంట్రోల్, ఎస్ కలిపి నొక్కాడు. రికార్డు మాయమైంది.

"ఇదేంటండీ, డిలీట్ అయిపోయింది!"

ఆ కీలకి ఆ పని పొద్దున నేనే పెట్టాను, అతని సెట్టింగుల పేజీలోనే.

"స్వేచ్ఛండి," అన్నారు సత్యవతి గారు.

సూపరింటెండెంట్ గారు మెమో కాపీని మడిచి సొరుగులో పడేశారు. చింపలేదు. చింపితే మెమో ఇవ్వడం తప్పని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

కంపెనీ చేత కీలన్నీ పాతవాటిలాగే బిగింపజేశాను. వాటిని మార్చే వీలు ఎవరికీ లేకుండా చేశాం. రమణ అడిగింది న్యాయమే కాబట్టి తేదీ, వార్డు, డాక్టరు పేరు దింపడానికి ఎవరూ వాడని ఒక కీ ఇప్పించాను. రక్తం గ్రూపు మాత్రం ఏ కీతోనూ కాపీ కాదు. అక్షరాల సైజు ఎవరి లాగిన్‌లో వారు ఎంచుకోవచ్చు. చత్వారం వచ్చిన సత్యవతి గారు వాడుకున్న సెట్టింగు అదొక్కటే. గడియారం ఆకారం తీసేస్తే ఎక్కడికి పోయిందని అడిగిన నాథుడు లేడు.

తర్వాత ఉద్యోగమున్నన్నాళ్ళూ, ఏ ప్రోగ్రాం వచ్చినా ఇదే కొలత పెట్టుకున్నాను. వేళ్ళకి అలవాటైనదాన్ని కదపకూడదు. మనిషికీ మనిషికీ నిజంగా తేడా ఉన్నచోట ఎంపిక ఇవ్వాలి, ఒకరి ఎంపిక ఇంకొకరికి తగలకూడదు. మిగతాదంతా డిజైన్ చేసేవాడే తేల్చాలి. ఎవరిష్టం వాళ్ళదని వదిలేసేవాడు తన పని ఎగ్గొడుతున్నాడు. అలాంటివాడి ప్రోగ్రాంకి నేను మళ్ళీ సంతకం పెట్టలేదు.