యాట గుండెకాయలో మూడు రేకులు

డెబ్బైల చివర్లో, మా అన్నకు ముప్పై దాటాక, హైదరాబాదులోని పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయాలన్నారు. గుండె నుంచి ఊపిరితిత్తులకు నెత్తురు వెళ్లే దారి పుట్టుకతోనే ఇరుకుగా ఉందట. ఇంకా ఆలస్యమైతే గుండె అలసిపోతుందని డాక్టరు చెప్పాడు. అన్న వినలేదు. మా ఊరు మోతెకు తిరిగొచ్చి, ఆయాసపడుతూనే గొర్రెల వెంట తిరగసాగాడు.

"గుండె కోస్తే బతుకుతరారా తమ్మీ? ఇన్ని యాటలను కోసిన. ఒక్కటన్న లేసి నడిసిందా?"

వదిన నవ్వబోయి ఏడ్చింది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. తర్వాతి చదువంతా సూర్యాపేట గ్రంథాలయంలోనే. ఆ వారం మూడుసార్లు వెళ్లి, శరీరశాస్త్రం పుస్తకంలోని గుండె బొమ్మను నోటుబుక్కులో దించుకొచ్చాను.

"గిదేంది, గుమ్మడికాయనా?" అన్నాడు అన్న.

ఆదివారం అన్న మందలోంచి తెచ్చిన యాటను కోస్తుంటే, గుండెకాయ మీది గొట్టాలను మొదలంటా తెంచొద్దని బతిమాలాను. కడిగి, ఊపిరితిత్తుల వైపు పోయే గొట్టంలో చెంబుతో నీళ్లు పోశాను. లోపల ఉల్లిపొరల్లాంటి మూడు రేకులు నిండి, మూసుకున్నాయి. కింది గదిని కోసి అటునుంచి వేలు పెడితే తెరుచుకున్నాయి. పుస్తకంలో రాసినట్టే! ఎంత సంబరపడ్డానో.

"నీకు గీ రేకులు అంచులకాడ అతుక్కొని పుట్టినయ్ అన్నా. గా అతుకులే కోస్తరు. గుండెనంత కాదు."

అన్న తనూ వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"కొట్టుకునే గుండెనెట్ల కోస్తరు?"

"జరసేపు ఆపుతరు. అందాక నెత్తురును మిషన్ తిప్పుతది."

"ఆపినంక మల్ల కొట్టుకుంటదా?"

దానికి నా పుస్తకంలో జవాబు లేదు. లేదనే చెప్పాను. "డాక్టర్నే అడుగుదాం, పా."

అన్నే అడిగాడు. డాక్టరు దాచలేదు. చాలామందికి కొట్టుకుంటుందని, అందరికీ అని మాత్రం మాటివ్వలేనని అన్నాడు. అన్న ఒప్పుకోలు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"రేకులు శాన పల్సగుంటయ్ సారూ. జర పైలం," అని కాగితం మీద వేలిముద్ర వేశాడు.

గుండె మళ్లీ కొట్టుకుంది. ఆ మరుసటి వేసవిలో, పొలాలకు ఎరువు కోసం మందను ఆపమని రైతులు పిలిస్తే, మిర్యాలగూడ దాకా గొర్రెలతో నడిచే వెళ్లాడు. కోదాడ సంతలో ఎవరైనా ఆపరేషన్ గురించి అడిగితే చొక్కా విప్పి మచ్చ చూపించి, లోపల ఏం కోశారో తనే పాఠం చెప్పేవాడు. తప్పు చెబితే సరిదిద్దుదామని నేను పక్కనే నిలబడేవాణ్ని. ఆ అవసరం ఎన్నడూ రాలేదు.