అత్తయ్య ఇచ్చిన గోంగూర డబ్బా

మా విజయవాడకీ సముద్రాల అవతలి ఒక ఊరికీ స్నేహ ఒప్పందం ఉంది. ఆ సంగతి అత్తయ్యకి వివరించడానికి నాకు రెండు పూటలు పట్టింది. "జంట నగరాలంటే హైదరాబాదూ సికింద్రాబాదూ కదమ్మా. మనకీ వాళ్లకీ మధ్య ఏముందని?" అని ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

ఆ ఊరి బృందంలో వచ్చిన ఒక టీచరు మా బడి చూసింది. నేనూ టీచర్నే కనుక, ఆదివారం చర్చి అయ్యాక గుణదలలోని మా ఇంటికి భోజనానికి పిలిచాను. గోంగూర పచ్చడికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మళ్లీ వేయించుకుంది. అత్తయ్య పొంగిపోయి, హోటల్ రూములో తినమని ఒక డబ్బా నిండా పెట్టి ఇచ్చేసింది.

ఏ డబ్బానో ఆమె చేతిలో చూశాకే నాకు తెలిసింది. అది మా ఆడపడుచుది. మొదటి జీతంతో కొనుక్కుని, కొట్లోనే పేరు చెక్కించుకుంది. తను పోయి ఆరేళ్లయింది.

"అదెందుకిచ్చారత్తయ్యా?" అన్నాను, ఆమె వెళ్లాక.

"నూనె కారకుండా మూత గట్టిగా ఉండేది అదొక్కటేగా. ఎక్కడికి పోద్ది? ఊరెళ్లేలోపు ఇచ్చేసిద్దిలే."

మా వీధిలో అంతే. పచ్చడి వెళ్లిన గిన్నె రెండ్రోజుల్లో తిరిగొస్తుంది. ఖాళీగా మాత్రం రాదు, అడుగున గుప్పెడు పంచదారైనా ఉంటుంది.

వీడ్కోలు సభలో ఆ టీచరు నన్ను కావలించుకుని, తన ఊరి బొమ్మ ఉన్న పింగాణీ పళ్లెం చేతిలో పెట్టింది. అంత అందమైన డబ్బా ఇచ్చినందుకు మీ అత్తగారికి థాంక్స్ చెప్పండి అంది. డబ్బా కూడా కానుకే అనుకుందన్నమాట. పళ్లెం పుచ్చుకున్న చేత్తో డబ్బా ఎలా అడగను? అడక్కుండా ఇంటికెళ్లి ఏం చెప్పను? ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను తేల్చుకునేలోపే వాళ్ల బస్సు కదిలింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇంటికెళ్లి జరిగింది అత్తయ్యకి చెప్పాను. వంటింటి అరలో డబ్బా ఉండే చోట పళ్లెం పెట్టబోతే వద్దంది. డబ్బా పంపించమని ఆ టీచరుకి మూడుసార్లు మెయిల్ రాశాను, మూడుసార్లూ చెరిపేశాను.

పోయిన నెల ఆ టీచరే ఒక ఫోటో పంపింది. వాళ్ల నగర కార్యాలయంలో గాజు బీరువా. అందులో తళతళలాడే మా డబ్బా, పేరు కనిపించేలా తిప్పి పెట్టారు. విజయవాడ ప్రజల కానుక అని కింద చీటీ. సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. అత్తయ్యకి చూపించాలో లేదో కూడా తెలియక, రెండు రోజులు దాచి చూపించాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఫోటో పెద్దది చేయించుకుని, కూతురి పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"పంపించమని రాయనా?" అన్నాను.

"వద్దులే, అక్కడే ఉండనీ. తెలుగు చదవడం రాకపోయినా నలుగురూ చూస్తారు," అంది. ఫోన్ నా చేతికిస్తూ ఆగింది. "మూత తీసి పక్కన పెట్టారమ్మా. ఖాళీగా ఉంది చూడు. దాంట్లో ఏదో ఒకటి వెయ్యమని రాయి."