అడ్వాన్సుకి ముందే పాలు పొంగించిన ఇల్లు

కొత్తగా సున్నం వేసిన ఖాళీ గది వాసన బందరులో ఇప్పుడు దొరకడం కష్టం. మొన్న గుడివాడలో మా చెల్లెలి కూతురు అద్దెకు చూస్తున్న ఒక పాత ఇంట్లో ఆ తడివాసన తగిలి, ఈ సంగతి రాసిపెట్టి తీరాలనిపించింది. మా వీధి గ్రంథాలయాన్ని పై అరనుంచి కింది అరదాకా, చెదలు దయతలిచి వదిలేసిన పేజీలతో సహా, చదివినదాన్ని నేను. రాజులు రాజధానులు మార్చిన కథలు కావలసినన్ని ఉన్నాయి గానీ, అద్దెకున్నవాళ్ళు ఇల్లు మారితే సలహా ఎవరిచ్చారో, డబ్బు ఎవరు సర్దారో ఒక్కదాంట్లోనూ లేదు.

మాది దివిసీమ. నాన్నకి బందరులో బట్టల కొట్లో గుమాస్తా పని దొరికితే వచ్చాం. నేను మూడో తరగతో నాలుగో. జ్యేష్ఠమాసం. వీధినిండా ముంజల తొక్కలు, మధ్యాహ్నందాకా వడగాడ్పు, సాయంత్రమయ్యేసరికి సముద్రం మీంచి ఉప్పుగాలి, అరుగుల మీద కొత్తావకాయ జాడీలకి వాసెనలు కడుతూ, కారం ఘాటుకి తుమ్ముతూ, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటూ ఆడవాళ్ళు. సరిగ్గా అప్పుడే మా ఇంటివాళ్ళు, కొడుకు పెళ్ళి కుదిరింది, వాటా ఖాళీ చెయ్యమన్నారు. ఆషాఢం వచ్చిందంటే కొత్త ఇంట్లో ఎవరూ అడుగు పెట్టరు. ఈలోగా ఇల్లు దొరక్కపోతే అమ్మనీ నన్నూ హంసలదీవి దగ్గర మేనత్త ఇంటికి పంపేసి, తను కొట్లోనే పడుకుంటానన్నాడు నాన్న. అక్కడ చేపలున్నాయి, మడ అడవులున్నాయి, గ్రంథాలయం లేదు. నాకు అన్నం సహించలేదు.

ఇల్లు వెతుకుతున్నామని తెలిస్తే చాలు, ఉప్పు అమ్మేవాడు కూడా ఆగి వాస్తు చెప్పేవాడు. గుమ్మం ముందు వేపచెట్టు ఉండి తీరాలని ఒకాయనంటే, "ఆకులు మీరొచ్చి ఊడుస్తారేంటండీ?" అని ఇంకొకాయన. అందరి మాటా వింటే మాకు సరిపడే ఇల్లు సముద్రం మధ్యలో తప్ప ఎక్కడా లేదు.

చివరికి పక్క వీధిలో కామేశ్వరమ్మ మామ్మగారి వెనక వాటా నచ్చింది. ఆవిడ మూడు నెలల అడ్వాన్సు అడిగింది. నాన్న దగ్గర ఒక నెలదే ఉంది. మా పక్కవాటా రత్తమ్మ పిన్ని ఆడవాళ్ళ చీటీ నడిపేది. నెలనెలా అందరూ కొంత వేస్తారు, ఎక్కువ తగ్గించి పాడుకున్నవాళ్ళు ఆ మొత్తం పట్టుకెళ్తారు. ఆ నెల పిన్ని కొంగు బిగించి, "ఈసారి పాట లేదర్రా. చీటీ నాగమణిది. ఎవరైనా నోరు తెరిచారో, వచ్చే ఏడు కారం దంచుకోడానికి నా రోలు ఇవ్వను" అంది. నాగమణి మా అమ్మ. ఎవరూ నోరు తెరవలేదు.

కానీ చీటీ డబ్బు చేతికొచ్చేది ఆదివారం. శుక్రవారం పొద్దున్నే, ఎవరో ఒకాయన అడ్వాన్సంతా జేబులో పెట్టుకుని మామ్మగారి దగ్గరికి వస్తున్నాడని తెలిసింది.

"ఇవాళే పాలు పొంగించెయ్యవే" అంది పిన్ని.

"డబ్బివ్వకుండానా!"

"పాలు పొంగినింట్లోంచి మనిషిని వెళ్ళగొట్టే ఆడది కృష్ణాజిల్లాలో ఇంకా పుట్టలేదు."

ఊడ్చుకుంటామని తాళంచెవి అడిగి తెచ్చారు. పరువుగా ఉండాలని పిన్ని తన పెళ్ళినాటి ఇత్తడి గుండిగ మోయించుకొచ్చింది. అందులో మా గ్లాసుడు పాలు పోస్తే అడుగున బొట్టుబిళ్ళలా కనిపించాయి. కిరసనాయిలు స్టవ్ భగభగా మండుతోంది, పాలు అడుగునే చుయ్యిమంటున్నాయి, పైకి మాత్రం రావడం లేదు. చుట్టూ నిలబడిన ఆడవాళ్ళు "పొంగవే తల్లీ" అని బతిమాలుతున్నారు. అంతలో గుమ్మంలో మామ్మగారు, ఆవిడ వెనకాల జేబు మీద చెయ్యేసుకుని ఆయన.

మామ్మగారు మమ్మల్ని చూడలేదు. గుండిగని చూసింది.

"నా ఇంట్లో పొయ్యెక్కిన పాలు పొంగవా?"

"వస్తాయి మామ్మగారూ, ఒక్క నిమిషం" అంది అమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

"వచ్చినట్టే ఉంది, అడుగంటుతుంటేనూ! పొంగకపోతే అరిష్టం మీకా, ఇంటిదాన్ని నాకా? దించారంటే ఊరుకోను!"

ఆవిడ గబగబా వెళ్ళి, పాలకేంద్రానికి పంపాల్సిన గేదెపాల క్యాను ఈడ్చుకొచ్చి తన చేత్తోనే గుండిగ నిండా ఒంపేసింది, స్టవ్‌కి తనే పంపు కొట్టింది. చాలాసేపటికి పాలు లేచి, నాలుగువైపులా జారి, మంటని ఆర్పేశాయి. "అమ్మయ్య" అని చెమట తుడుచుకున్నాక గానీ, ఎవరి పాలు ఎవరికోసం పొంగించిందో ఆవిడకి తట్టలేదు. కాసేపు గుడ్లురిమి చూసి, ఫక్కున నవ్వేసి, "అడ్వాన్సు ఆదివారం తెండి, చస్తానా" అంది.

"మరి నా సంగతేంటండీ?" అన్నాడు గుమ్మంలో ఆయన.

రత్తమ్మ పిన్ని ఆయన చేతిలో గ్లాసుడు పాలు పెట్టింది. "కూర్చో తమ్ముడూ. డబ్బుంటే సరా? చెప్పేవాళ్ళుండొద్దూ? ఇంతకీ ఎంతమంది మీరు?" పొద్దుగూకేలోగా ఆయనకీ ఇల్లు కుదిరిపోయింది.

ఆ వాటాలో నాకు పెళ్ళయ్యేదాకా ఉన్నాం. గ్రంథాలయమంతా అక్కణ్ణుంచే చదివాను. ఇప్పుడక్కడ దుకాణాల కాంప్లెక్సు ఉంది. గుడివాడ పిల్ల ఫోనులోనే ఇల్లు చూసింది, ఫోనులోనే అడ్వాన్సు కట్టింది. ఇంటాయన హైదరాబాదులో ఉంటాడట, గొంతు కూడా వినలేదు. నీళ్ళెలా ఉంటాయో అడుగుదామని నేను పక్క తలుపు కొడితే లోపలివాళ్ళు టీవీ సౌండు తగ్గించి, మెదలకుండా ఊరుకున్నారు.

పాట ఆపిన రత్తమ్మ పిన్నికి, చీటీలో నోరు మెదపకుండా కూర్చున్న సీతారత్నం అత్తయ్యకీ మస్తానమ్మ గారికీ, క్యాను ఒంపిన కామేశ్వరమ్మ మామ్మగారికి నా నమస్కారాలు. ఇల్లు పోగొట్టుకున్న పూటే, పాలు తాగిన గ్లాసు కింద పెట్టకుండా, "ఆ చీటీలో మా ఆవిణ్ణి కూడా వేసుకుంటారా అక్కయ్యా?" అని అడిగిన వెంకటరత్నం గారికి మరీ మరీ.