గొడ్డలత్త వంటింటి కిటికీ

గొడ్డలత్త అసలు పేరేమిటో ఆ వీధిలో సగం మందికి తెలియదు. కట్టెల అడితి ఆవిడది. మగవాళ్లు నాలుగు దెబ్బలేసి నడుం పట్టుకునే మొద్దుని కూడా ఒక్క వేటుకి చీల్చి, "ఊఁ, తర్వాతది?" అనేది. నోరూ గొడ్డలే. బేరమాడేవాళ్లు ఆవిడ ముందు నీళ్లు నమిలేవాళ్లు. "నా కట్టె చూడు బాబూ, ఎలా మోగుతోందో! ముట్టిస్తే కంట్లో నీరు రాదు" అని రెండు చీలికలు ఒకదానికొకటి తాటించి వినిపించేది.

అబద్ధమేం కాదు. ఎండిన కట్టెంతా అమ్మకానికే పోయేది. మరి ఇంట్లో పొయ్యిలోకి? ఎవరూ కొనని తడి ముక్కలు, పుచ్చిపోయిన బెరడు, పాత తలుపుల రంగు చెక్కలు. సరుకు పారేస్తామా ఏమిటి, అనేది. కొడుకు కొన్న గ్యాసు పొయ్యి మంచం కింద గుడ్డ కప్పుకుని హాయిగా పడుకునుంది. "ఊరందరికీ కట్టెలమ్ముతూ మనింట్లో గ్యాసా? నలుగురూ నవ్విపోరూ!" అని ఆవిడ వాదం. లారీ తోలే కొడుక్కి ఇల్లు చేరేసరికి వాదించే ఓపిక ఉండేది కాదు. కోడలికి ఓపికున్నా నోరు లేదు.

ఇక కిటికీ సంగతి. వంటింటికున్నది ఒకే ఒక్క కిటికీ. అది పక్కింటి టైలర్ పెరట్లోకి తెరుచుకునేది. కుట్టి, ఇస్త్రీ చేసి వేలాడదీసిన తెల్లచొక్కాల మీద మసి పడుతోందని అతను ఒకసారి కాస్త గట్టిగానే అన్నాడు. అనకూడని మాటేం కాదు. కానీ గొడ్డలత్తకి కోపం ముక్కు మీదే ఉంటుంది కదా! సుత్తీ మేకులూ పట్టుకుని అతని పెరట్లోకే వెళ్లి, బయటినుంచి కిటికీకి అడ్డంగా చెక్క పెట్టి దిగ్గొట్టింది. "మా పొగ మేమే మింగుతాం! మళ్లీ నీ గుమ్మం తొక్కితే ఒట్టు!" అని వీధంతా వినేలా అరిచింది. పౌరుషమంటే అదీ అని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల నోట్లో మన్ను పడ!

ఆ తర్వాత పుట్టింది మనవరాలు. వంట చేసినంతసేపూ కోడలి చంకలోనో, పొయ్యి పక్కన చాప మీదో ఉండేది. మాటలకంటే ముందు దగ్గు వచ్చింది. ఊపిరి తీస్తే లోపల ఈల, డొక్కలు ఎగరేత. ఆస్పత్రికి పరిగెత్తారు.

డాక్టరమ్మ పిల్లని ఎత్తుకోగానే, "బట్టలు పొగవాసన వస్తున్నాయి. కట్టెల పొయ్యా? పొగ పోయే దారుందా?" అంది.

కోడలు అత్తగారి వైపు చూసి తల దించుకుంది.

"పసిపిల్లల ఊపిరి గొట్టాలు సన్నగా ఉంటాయమ్మా. పొగకి లోపల వాచిపోతాయి. మందిస్తాను. కానీ పొగ ఆపకపోతే మళ్లీ మళ్లీ వస్తారు. ఒకసారి రావడం ఆలస్యమైందనుకోండి..."

గొడ్డలత్తకి ఒళ్లు మండింది. "నేను పొగలోనే పుట్టాను, పొగలోనే పెరిగాను. దుక్కలా లేనూ?" అంటూ బయటికి నడిచింది. ఈమధ్య మొద్దుకీ మొద్దుకీ మధ్య కూలబడుతోందన్న మాట మాత్రం చెప్పలేదు. చెమటారనీ అని కూర్చుంటున్నాను, అంతే, అనుకునేది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చాక పిల్లని పక్కలో వేసుకుని పడుకుంది. మందు పడినా ఈల వినపడుతూనే ఉంది. పాడు మందు, పాడు డాక్టరు అని తిట్టుకుంటుంటే కోడలొచ్చి, పాలు పట్టడానికి పిల్లని వరండాలోకి ఎత్తుకెళ్లింది.

గదిలో ఇంకెవరూ లేరు. ఈల మాత్రం వినపడుతోంది.

గొడ్డలత్త ఊపిరి బిగబట్టింది. ఈల ఆగింది. వదిలింది. మళ్లీ మొదలైంది.

"ఓసి నా మొహం మండా!" అనుకుంది. ఇన్నేళ్లు బతికి, మొద్దులు చీల్చిన తన ఛాతీయే ఇలా అయితే, అరచెయ్యంత ఛాతీ ఉన్న ఆ పసిదాని గతేమిటి? ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, లేచి, సుత్తి తీసుకుని సరాసరి టైలర్ గుమ్మంలోకి వెళ్లింది.

టైలర్ మిషన్ ఆపి చూశాడు. "ఏంటక్కా, మీ పొగ మీరే మింగుతామన్నావుగా?"

"మింగాం. చంటిది కూడా మింగింది. ఇక చాలు. ఒట్టు తీసి గట్టున పెట్టాను తమ్ముడూ, ఆ కిటికీ ఊడదీయనీ."

అతను మిషన్ దగ్గర్నుంచి లేచాడు. పెరటి తలుపు తీశాడు. గొడ్డలత్త ఒక మేకు పీకింది. రెండోదానికి రొప్పుతూ గోడకి ఆనుకుంది. అతను సుత్తి అందుకోబోతే, "వద్దు, కొట్టింది నేను" అని చెయ్యి తోసేసింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ లాగింది. చివరి మేకూ వచ్చేదాకా వదల్లేదు. లోపలి నుంచి కోడలు, "అత్తయ్యా, గోడలు ఇంత నల్లగా ఉన్నాయా!" అంది.

"నోరెళ్లబెట్టింది చాల్లే గానీ, మంచం కింద ఉన్న గ్యాసు పొయ్యి బయటికి లాగు!"

అడితి మూయలేదు, అదే బతుకుతెరువు. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో మిగిలిపోతున్న తడి కట్టె, రంగు చెక్క ఊరికే అడిగినా ఎవరికీ ఇవ్వలేదు. "పిల్లలున్నారా ఇంట్లో? పొయ్యి ఆరుబయట పెట్టు" అని కసిరి మరీ అమ్మేది. "కట్టెలమ్మేవాళ్లింట్లో గ్యాసట!" అని ఒకడు నవ్వాడు. "అవున్రా, నవ్వు. నవ్వడానికి నీకు ఊపిరుంది" అంది.

పిల్ల దగ్గు ఒక్కరోజులో పోలేదు. తగ్గి, మళ్లీ వచ్చి, నెమ్మదిగా వెనక్కి తగ్గింది. రోజూ మధ్యాహ్నం గొడ్డలత్త పిల్ల ఛాతీ మీద చెవి పెట్టేది. తన ఈల అడ్డొస్తోందని ఊపిరి బిగబట్టి వినేది. అలా ఒకనాడు ఎంతసేపు విన్నా గాలి వచ్చిపోయే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. తను విన్నది నిజమేనా అని, కళ్లు తిరుగుతున్నా, ఇంకాసేపు ఊపిరి బిగబట్టే ఉంది.